అడవికి పోయే డబ్బాలో ఏముండాలి?

ఈ నెల గోడ పత్రికలో రాయడానికి మా తొమ్మిదో తరగతి వంతు వచ్చింది. కథ రాయమన్నారు గాని నాకు కథలు కట్టడం రాదు. నాకు జరిగిన ఒక సంగతి, దాని వల్ల నేర్చుకున్నది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మాది అమ్రాబాద్ పైన నల్లమలలో ఒక చెంచు పెంట. పోయిన ఏడు దసరా సెలవులకు ఇంటికి పోయి, ఒకరోజు మా చిన్నాయన కొడుకును వెంటబెట్టుకొని సీతాఫలాలకు పోయిన. వాడు అప్పుడు ఆరో తరగతి. "పొద్దుగూకే లోపల వస్తం" అని ఇంట్లో చెప్పినం. ఏ దిక్కుకు పోతున్నమో మాత్రం చెప్పలేదు. అది నా మొదటి తప్పు.

నా సంచిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండె. ఉప్పల్‌లో కొన్న. సినిమాల్లో చూసి నింపుకున్న డబ్బా అది. దిక్సూచి, ఆరు గాలాలు, ఎనిమిది పనులు చేసే మడత కత్తి, చిన్న టార్చి, అగ్గిపెట్టె, గ్లూకోజు బిస్కెట్లు. హాస్టల్లో ఉన్నప్పుడు ఆ డబ్బా తెరిచి అందరికీ చూపించి మురిసిపోయేవాణ్ణి.

మధ్యాహ్నం దాటినంక వాన పట్టుకున్నది. మేము దాటి వచ్చిన వాగు గంటలోపలే పొంగి రొద చేయబట్టింది. ఈవలి ఒడ్డున ఇద్దరమే చిక్కినం. అగ్గిపెట్టె చూస్తే డబ్బాలోకి నీళ్ళు పోయి పుల్లల మందు ముద్దయింది. టార్చి మీట సంచిలో దానంతట అదే నొక్కుకొని సెల్లులు అయిపోయినయ్. మడత కత్తితో కొమ్మ కోద్దామంటే బ్లేడు ఊగుతున్నది. దిక్సూచి ఉత్తరం ఎటో చూపించింది, కాని మా పెంట ఉత్తరాన ఉన్నదో దక్షిణాన ఉన్నదో నాకు తెల్వదు. గొంతు పోయేదాక అరిచినం. వాన చప్పుడులో ఎవరికి వినబడాలె?

చీకటి పడ్డాక తమ్ముడు వణకబట్టిండు. కొంతసేపటికి వణుకు ఆగింది. మంచిగైందనుకున్న. కాని వాడు మాట్లాడితే మాట ముద్దముద్దగా వచ్చింది, పిలిస్తే ఆలస్యంగా పలుకుతున్నడు. అది మంచిగవడం కాదని తర్వాత తెలిసింది. ఒంట్లో వేడి బాగా పడిపోతే వణికే శక్తి కూడా పోతుందట.

ఎంత రాత్రయిందో తెల్వదు, మా తాత ఇంకో ఇద్దరిని తీసుకొని పైగుట్ట మీదుగా చుట్టూ తిరిగి వచ్చిండు. ముందు తమ్ముని తడి అంగీ, లాగు విప్పేసి తన గొంగడి చుట్టిండు. ఎండి నిలబడ్డ ఒక చిన్న చెట్టును నరికి, గొడ్డలితో చీల్చి, లోపలి పొడి కట్టె తీసిండు. పైన ఎంత తడిసినా నిలబడి ఎండిన కట్టె లోపల పొడిగనే ఉంటది. నడుముకున్న వెదురు గొట్టం మూత తీస్తే అందులో బూరుగు దూది, చెకుముకి రాయి, ఉక్కు ముక్క. రాతి చరియ కింద నాలుగైదు దెబ్బల్లో నిప్పు పుట్టింది. వేడి నీళ్ళు తాగినంక తమ్ముని మాట సాఫైంది.

తెల్లారినంక తాత నా డబ్బా తెరిచి ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని చూసిండు. "వీటిని ఎన్నిసార్లు వాడినవ్ రా?" అని అడిగిండు. నేను ఒక్కసారి కూడా వాడలేదు. తాత తిట్టలేదు. డబ్బా మూసి నా చేతికిచ్చిండు. తిడితేనే బాగుండేదనిపించింది.

ఆ తర్వాత మా తాతను, పి.ఇ.టి. సారును, సైన్సు సారును అడిగి, పుస్తకాలు చూసి మళ్ళీ కొత్తగా డబ్బా కట్టుకున్న. అందులో ఏమేం ఉన్నయో, ఎందుకు ఉన్నయో కింద రాస్తున్న.

మూడు ప్రశ్నలు

ఏ వస్తువైనా డబ్బాలో పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి: నేను పోయే చోట మనిషిని ముందుగా చంపేది ఏది? ఉజ్జాయింపుగా ఒక లెక్క చెప్తారు. గాలి లేకుంటే మూడు నిమిషాలు, చలిలోనో ఎండలోనో కాపు లేకుంటే మూడు గంటలు, నీళ్ళు లేకుంటే మూడు రోజులు, తిండి లేకుంటే మూడు వారాలు. ఇది పక్కా కొలత కాదు, వరుస గుర్తుండడానికి. నేను నా డబ్బాలో చివర ఉండాల్సిన తిండికి, గాలాలకు ముందు జాగా ఇచ్చిన. ముందు ఉండాల్సిన కాపు అసలే లేదు.

రెండు: దీన్ని చీకట్లో, తడి చేతులతో వాడి చూసిన్నా? వాడి చూడని వస్తువు మోసే బరువే గాని సాయం కాదు.

మూడు: ఇది రెండు పనులకు వస్తదా? డబ్బా చిన్నది కాబట్టి ఒక్క పనికే వచ్చే వస్తువుకు జాగా దొరకదు.

డబ్బా

ప్లాస్టిక్ డబ్బా వద్దు. లీటరు పట్టే, క్లిప్పుల మూత ఉన్న స్టీలు టిఫిను డబ్బా మంచిది. ఇందులో నీళ్ళు మరగబెట్టవచ్చు, ప్లాస్టిక్‌లో అది కుదరదు. తోమి మెరుగు పెడితే మూత అద్దంలా పనిచేస్తుంది, ఎండను దూరానికి కొట్టి సైగ చేయవచ్చు. మూతకు రబ్బరు ఉంటే నీళ్ళు మరగబెట్టే ముందు తీసేయాలి. మూత చుట్టూ సైకిల్ ట్యూబు నుంచి కోసిన వెడల్పు పట్టీ తొడిగితే వాన నీళ్ళు తేలికగా లోపలికి పోవు. కొత్త డబ్బాను బకెట్‌లో ముంచి చూడండి. నీళ్ళు ఎక్కడ నుంచి పోతున్నాయో అక్కడే తెలిసిపోతుంది. ఆ పరీక్ష నేను ముందే చేసి ఉంటే ఆ రాత్రి మాకు నిప్పు ఉండేది.

నిప్పు

నిప్పుకు ఒకటి చాలదు, రెండు రకాలుండాలి. మొదటిది అగ్గిపుల్లలు. వాటి తలలను కరిగిన మైనంలో ముంచి తీసి, మూత గట్టిగా ఉన్న మందుల సీసాలో వేయాలి. మామూలు అగ్గిపుల్ల దాని పెట్టె పక్కనున్న మందు పట్టీ మీద గీస్తేనే అంటుకుంటుంది. కాబట్టి ఆ పట్టీని కూడా కత్తిరించి అదే సీసాలో పెట్టాలి. చాలామంది ఇది మరిచిపోతారు.

రెండోది మా తాత పద్ధతి. పలుగురాయి ముక్క, పాత ఆకురాయి ముక్క. స్టీలు చెంచాతో ఎంత కొట్టినా సరైన రవ్వలు రావు. కార్బన్ ఎక్కువున్న గట్టి ఉక్కు కావాలి, ఆకురాయిలో అది ఉంటుంది. నాచారం దిక్కు పాత ఇనుము కొట్లలో అరిగిన ఆకురాళ్ళు తూకానికి దొరుకుతాయి. రవ్వ పట్టుకోవడానికి బూరుగు దూది ఉండాలి. ఇది ఒక్కరోజులో రాదు, చెయ్యి అలవాటు పడాలి. నాకు పదిహేను రోజులు పట్టింది.

వీటికి తోడు వేలెడంత కొవ్వొత్తి, నాలుగు సైకిల్ ట్యూబు ముక్కలు. ట్యూబు ముక్క తడిసినా తుడిచి అంటిస్తే మండుతుంది, నల్ల పొగ లేస్తుంది కాబట్టి దూరం నుంచి కనబడుతుంది. ఘట్‌కేసర్ పంక్చర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. ఆ పొగ పీల్చకూడదు, వంటకు వాడకూడదు.

ఇక్కడ ఒక మాట. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టప్రకారం నేరం. ఎండాకాలంలో ఒక్క రవ్వ గుట్టలకు గుట్టలే కాలుస్తది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప ఈ సీసా మూత తీయరాదు. తీస్తే చుట్టూ ఆకులు ఊడ్చి, చివరికి నీళ్ళు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చల్లారిందని చూసినంకనే కదలాలి.

నీళ్ళు

వాగు నీళ్ళు తేటగా కనబడినా తాగేటివి కావు. ముందు తువ్వాలను నాలుగు మడతలు పెట్టి వడకట్టాలి. మన పెద్దవాళ్ళు చిల్లగింజను కుండ లోపల అరగదీసి బురద నీళ్ళను తేర్చేవాళ్ళు. మా పెంటలో ఇప్పటికీ కొందరు చేస్తారు. అది మంచి పద్ధతే. కాని చిల్లగింజ మట్టిని అడుగుకు దించుతుందే గాని క్రిములను చంపదు. తేరిన నీళ్ళను తెర్లు కాగనిచ్చి, తెర్లడం మొదలైన తర్వాత ఒక నిమిషం ఉంచాలి. నిప్పు లేకపోతే క్లోరిన్ బిళ్ళ వేయాలి. ఒక బిళ్ళ ఎన్ని లీటర్లకో చీటీ మీద రాసి ఉంటుంది. అది చూసి వేసి అరగంట ఆగాలి.

వాంతులు, విరేచనాలు అయితే ఓ.ఆర్.ఎస్. పొట్లం. అది లేకుంటే లీటరు మంచి నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా తలం సమానంగా ఉండాలి, గుట్టగా పోయకూడదు. ఉప్పు ఎక్కువైతే ఇంకా ప్రమాదం.

కప్పుకునేది

తడి బట్ట ఒంటి వేడిని చాలా తొందరగా లాగేస్తుంది. మంచు పడితేనే మనిషి చలికి చస్తాడనుకోవద్దు. వాన, గాలి, తడి బట్టలు కలిస్తే మన నల్లమలలోనూ అంతే. అందుకని రెండు మీటర్ల మందపాటి పాలిథీన్ కవరు మడిచి డబ్బాలో పెట్టిన. తల మీది నుంచి కప్పుకోవచ్చు, తాడు కట్టి పందిరి వేయవచ్చు, వాన నీళ్ళు పట్టవచ్చు.

పర్వతాలెక్కేవాళ్ళు వెండిలాగ మెరిసే పలుచని దుప్పటి వాడతారు. పలుచని ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం పూసి చేస్తారు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1964లో ఆ రకం పొరను తయారు చేయించింది. మనం తినే చిప్సు పొట్లం లోపల మెరిసేది కూడా ఇంచుమించు అదే రకం పొర. దుప్పటి అరచేతిలో పట్టేంత చిన్నగా మడతపడుతుంది. దొరికితే ఒకటి పెట్టుకోవాలి.

అన్నిటికంటే పెద్ద పాఠం డబ్బాలో పట్టేది కాదు. పైన కప్పుకోవడం ఎంత ముఖ్యమో కింద పరుచుకోవడం అంత ముఖ్యం. తడి నేల వేడిని గుంజుకుంటది. జానెడు మందం ఆకులు, కొమ్మలు వేసుకొని దాని మీద కూర్చోవాలి.

కత్తి, తాడు

ఎనిమిది పనుల కత్తి నాకు ఒక్క పనికి రాలేదు. మడత లేని, బెత్తెడు బ్లేడున్న, పిడి గట్టిగా బిగిసిన ఒక కత్తి చాలు. తోలు ఒర ఉండాలి. మామూలు ఉక్కు కత్తికి తుప్పు పడుతుంది గాని సాన బాగా నిలుస్తుంది. కొంచెం మంచినూనె రాస్తే తుప్పు రాదు.

తాడు మూడు మిల్లీమీటర్ల అల్లిన నైలాన్ తాడు, ఏడు మీటర్లు. నూలు తాడు తడిసి ఆరి, తడిసి ఆరి చివుకుతుంది. నైలాన్ చివకదు గాని ఎండలో ఉంటే బలం పోతుంది, అందుకే డబ్బాలోనే ఉండాలి. కొసలు నిప్పుకు చూపి కరిగిస్తే పేలికలు లేవవు. ఈ తాడు కట్టడానికే గాని ఎక్కడానికి కాదు. మా వాళ్ళు తేనెకు కొండ చరియ దిగేటప్పుడు నారతో, తీగెలతో తాళ్ళు పేని, పైన నమ్మకమైన మనిషిని కావలి పెట్టుకొని దిగుతారు. కొండలెక్కే తాడు వేరే. పది, పదకొండు మిల్లీమీటర్ల మందం ఉంటుంది, లోపల బలమైన పోగులు, పైన అల్లిక తొడుగు. బట్టలారేసే తాడును నమ్మి దిగితే ప్రాణం పోతుంది.

పిలుపు

గొంతు అరగంటలో పోతుంది, ఈల పోదు. లోపల గింజ ఉన్న ఈల తడిస్తే గింజ అంటుకొని మోగదు. గింజ లేని ప్లాస్టిక్ ఈల కొనాలి. మూడుసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదాలి. ఒకటి ఊదితే పిల్లలాట అనుకుంటారు, మూడు చొప్పున వరుసగా వస్తే ఆపదలో ఉన్నారని తెలుస్తుంది. ఈల డబ్బాలో కాదు, మెడలోనో మొలతాడుకో ఉండాలి.

టార్చిలో ఒక సెల్లును తిరగేసి పెట్టాలి. అప్పుడు మీట నొక్కుకున్నా వెలగదు, సెల్లు అయిపోదు. కావాల్సినప్పుడు సరిగా పెట్టుకోవచ్చు.

గాయాలు, పాము కాటు

శుభ్రమైన తువ్వాల ఒకటి, కట్టు గుడ్డ ఒకటి, చిన్న సబ్బు ముక్క. రక్తం కారితే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు.

పాము కాటుకు మాత్రం డబ్బాలో మందు లేదు. బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కడియాలు, దారాలు తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా కట్టెతో ఆసరా ఇచ్చి కట్టాలి. మనిషిని నడిపించకుండా డోలీలో మోసుకొని, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఒకటే ఇంజెక్షన్ పనిచేస్తుంది. కాబట్టి పామును వెతికి చంపి తేవడానికి పొద్దు పోగొట్టుకోవద్దు. ఫోను అందితే 108కి చెప్పాలి.

తీసేసినవి

గాలాలు, దిక్సూచి తీసేసిన. దిక్సూచి మంచి వస్తువే, పటం చదవడం వచ్చినవాళ్ళకు. నాకు వచ్చినప్పుడు మళ్ళీ పెట్టుకుంట. బిస్కెట్లకు బదులు పిడికెడు పల్లీలు, బెల్లం ముక్క.

చోటును బట్టి డబ్బా

డబ్బా అన్ని చోట్లకూ ఒకటే కాదు. మన స్టేషనులో కాజీపేట దిక్కు పోయే రైలు ఎక్కితే భువనగిరి వస్తుంది కదా. అక్కడ కోట ఉన్న గుండు అంతా ఒకే రాయి. ఎండ కాస్తే పెనం మీద నిలబడ్డట్టే. అక్కడ ముందు చంపేది చలి కాదు, ఎండదెబ్బ, జారిపడడం. కాబట్టి అక్కడికి అగ్గిపుల్లల కంటే రెండు లీటర్ల నీళ్ళు, తలగుడ్డ, పట్టున్న బూట్లు ముఖ్యం.

మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ రాయి ఎక్కడం మొదట నేర్చుకున్నది ఆ గుండు మీదనే. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, ఆనంద్‌ది అప్పటి ఖమ్మం జిల్లా చర్ల దిక్కు. ఇద్దరూ మనలాగే గురుకులాల్లో చదివినవాళ్ళే. భువనగిరి తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ తీసుకొని 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 13 ఏండ్ల 11 నెలలు. 8,848 మీటర్ల ఎత్తున ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడున్న దాంట్లో మూడో వంతే. అక్కడ ముందు చంపేది గాలి లేకపోవడం, దాని తర్వాత చలి. అందుకే వాళ్ళ సామానులో ఆక్సిజన్ సిలిండరు ముందుంటుంది. పైకి పోయినంక సామాను వాడడం నేర్చుకుంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే, అందుకే అన్ని నెలల శిక్షణ.

ఇంకొకటి చెప్పి ముగిస్తా. 2023 మే 1న కొలంబియా దేశంలో అమెజాన్ అడవిలో చిన్న విమానం కూలి అందులో ఉన్న ముగ్గురు పెద్దవాళ్ళు చనిపోయారు. నలుగురు ఆదివాసీ పిల్లలు మిగిలారు. అందరికంటే పెద్దమ్మాయికి 13 ఏండ్లు, చిన్న బిడ్డకు ఏడాది కూడా నిండలేదు. వాళ్ళు విమానంలో నుంచి తీసుకున్నవి కర్రపెండలం పిండి, కప్పుకునే పట్టా, టార్చి, ఒక సీసా లాంటివి. పిండి అయిపోయినంక ఏ పండు తినవచ్చో, ఏది తినరాదో ఇంటి పెద్దల దగ్గర నేర్చుకున్నది పనికొచ్చింది. సైన్యం హెలికాప్టర్ నుంచి వాళ్ళ అమ్మమ్మ గొంతును వాళ్ళ భాషలోనే వినిపించి, ఉన్నచోటే ఆగమని చెప్పింది. 40 రోజులకు, జూన్ 9న, నలుగురూ ప్రాణాలతో దొరికారు. మనల్ని ఎవరైనా "అడవోళ్ళు" అని ఎగతాళి చేస్తే ఈ సంగతి గుర్తు చేసుకోండి. సెలవులకు పోయినప్పుడు మీ తాతను, అవ్వను ఒక్క కాయ పేరు, ఒక్క ముడి అయినా అడిగి రండి. కోయోళ్ళు, గోండోళ్ళు, లంబాడోళ్ళు, చెంచులం అందరం ఒకే డార్మిటరీలో పడుకుంటున్నం. ఒకరిది ఒకరం నేర్చుకుంటే ఏ పుస్తకం చాలదు.

వార్డెన్ సారు గారికి మనవి

సార్, హాస్టల్లో కత్తి, అగ్గిపెట్టె పెట్టుకోవద్దన్న నియమం సరైనదే. నేను దాన్ని తీసేయమనడం లేదు. మూడు డబ్బాలు తయారు చేసి మీ గదిలో బీరువాలో తాళం వేసి పెట్టండి. బయటికి పోయేటప్పుడు రిజిస్టరులో రాసి పెద్ద తరగతి పిల్లలకు ఇవ్వండి, రాగానే లెక్కపెట్టి తీసుకోండి. నెలకు ఒక ఆదివారం పి.ఇ.టి. సారు ముందర గ్రౌండులో ముడులు వేయడం, నీళ్ళు మరగబెట్టడం, గాయానికి కట్టు కట్టడం నేర్పించండి. ఈలలు మాత్రం అందరికీ ఇవ్వండి. ఈలతో ఎవరికీ గాయం కాదు, కాకపోతే మధ్యాహ్నం నిద్రపోనియ్యరు.

తమ్ముళ్ళకు చివరి మాట. ఎటు పోతున్నరో, ఏ దారిన పోతున్నరో, ఎప్పుడు వస్తరో ఇంట్లో చెప్పి పోండి. ఈ ఒక్కదానికి డబ్బాలో జాగా అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

మా తమ్ముడు ఇప్పుడు ఏడో తరగతి. వాడి మొలతాడుకు ఎర్ర ఈల ఒకటి కట్టి ఉంటది. స్నానానికి కూడా తీయడు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి